ఇంగువకు వచ్చే అతిథులు

ఆ సీసా మూత తీయగానే నాకు మా అమ్మ వంటిల్లు జ్ఞాపకం వచ్చింది.

ఈ మాట చెబితే మీరు నవ్వుతారు. అప్పుడు నేను నిలబడి ఉన్నది అమెరికాలో, ఒహాయో రాష్ట్రంలో, ఒక ముసలి రైతు కొట్టంలో. గోడల నిండా ఇనుప బోనులు వేలాడుతున్నాయి. బల్లమీద ముప్ఫై నలభై చిన్న సీసాలు బారులు తీరి ఉన్నాయి. అడవి జంతువులను బోను దాకా రప్పించే వాసన ద్రవ్యాలవి. ఒక దానిలో మురగబెట్టిన చేపనూనె. మరొక దానిలో ఏ జంతువుదో మూత్రం. ముక్కు మూసుకుని ఒక్కొక్కటే దాటుకుంటూ వచ్చినవాణ్ణి అయిదో సీసా దగ్గర ఆగిపోయాను. పప్పుచారులో పోపు పడినప్పటి వాసన!

"ఇది ఇంగువ గదా!" అన్నాను.

ముసలాయన కళ్ళజోడు మీదుగా నన్ను ఎగాదిగా చూసి, "మీకెల్లా తెలుసు?" అన్నాడు.

"మా దేశంలో దీనిని చారులో వేసుకుంటాం."

ఆయన కొంచెంసేపు ఆలోచించాడు. "మేము కయోటీలకు వేస్తాం" అన్నాడు.

కళాశాలలో తెలుగు పాఠాలు చెప్పుకునే నాకు ఈ బోనులతో ఏమిటి పని అని మీరు అడగవచ్చు. కారణం మా తమ్ముడి కోళ్ళు.

2023లో వేసవి సెలవులకు నేనక్కడికి వెళ్ళాను. మా తమ్ముడిది కంప్యూటర్ ఉద్యోగం. ఊరి శివార్లలో కాస్త జాగా కొనుక్కుని ఇల్లు కట్టుకున్నాడు. వెనక కూరగాయల మడులు, ఒక మూల కోళ్ళగూడు. మొదట ఎనిమిది కోళ్ళు ఉండేవట. ఎనిమిదయ్యేసరికి మా మరదలు వాటికి శ్రీకృష్ణుని అష్టమహిషుల పేర్లు పెట్టింది. నేను వెళ్ళేసరికి ఆరుగురే మిగిలారు. నేను వెళ్ళిన నాలుగో రాత్రి జాంబవతి కూడా పోయింది. తెల్లవారి గూటి దగ్గర నాలుగు ఈకలు, కొంచెం నెత్తురు. తొమ్మిదేళ్ళ మా అమ్మాయి - తమ్ముడి కూతురు - ఆ పూట అన్నం ముట్టలేదు.

"ఇక లాభం లేదన్నయ్యా, బోను పెట్టవలసిందే" అన్నాడు తమ్ముడు.

ఆ ప్రాంతంలో కోళ్ళ దొంగలుగా పేరుపడ్డవి రెండు. ఒకటి కయోటీ. మన నక్కకు దగ్గర చుట్టం, కొంచెం పొడుగరి. ఒకప్పుడు అమెరికా పడమటి మైదానాలకే పరిమితమై ఉండేది. తోడేళ్ళను మనుషులు తుడిచిపెట్టిన కొద్దీ ఆ ఖాళీలోకి ఇది నడిచి వచ్చింది. ఇప్పుడు ఒహాయోలోని 88 జిల్లాలలోనూ ఉన్నది. రెండోది రకూన్. దీనికి మన దేశంలో సాటి జంతువు లేదు. పెద్ద పిల్లి కంటే బొద్దుగా ఉంటుంది. కళ్ళకు నల్లటి గంతలు కట్టినట్టు మచ్చలు, తోకకు నల్లని కట్లు. దీని విశేషమంతా ముందు కాళ్ళలో ఉన్నది. కాళ్ళనడం తప్పు, అవి చేతులే. అయిదేసి వేళ్ళతో గడియలు తీస్తుంది, మూతలు విప్పుతుంది. చేతులతో గోకేది అన్న అర్థంలో అక్కడి ఆదివాసులు పిలుచుకున్న మాట నుంచే దీనికి ఈ పేరు వచ్చింది. కయోటీ అన్న మాట మెక్సికోలోని ప్రాచీన భాషది. భాష చదువుకున్నవాణ్ణి కనుక ఈ సంగతులు నాకు ముందే తెలుసు. తెలియనిది అసలు విద్య.

తమ్ముడు ఒక తీగల బోను కొన్నాడు. జంతువు లోపలికి పోగానే తలుపు పడిపోయే రకం, ప్రాణం తీయనిది. దానితోపాటు ఆరు సీసాలు తెచ్చాడు. ఒక్కొక్క దానిమీద ఒక్కొక్క గొప్ప. ఇది వాసన చూస్తే మైలు దూరం నుంచి పరుగెత్తుకు వస్తాయని ఒకదాని మీద ఉన్నది. ఏది వాడాలో తెలియలేదు. నాకు మా ఇంటి ఎలుకల బోను జ్ఞాపకం వచ్చింది. మా నాన్న ఎప్పుడూ కొబ్బరి ముక్క కాల్చి పెట్టేవాడు. పచ్చిది పెడితే ఎలుక చూడను కూడా చూడదు, కాలిన వాసన ఇల్లంతా తిరగాలి అనేవాడు. ఆ లెక్కన చేప వాసనకు మించినదేముంటుంది? డబ్బాలో చేప ముక్కలు బోనులో పెట్టి, అది చాలదన్నట్టు చేపనూనె సీసా సగం ఒంపాను.

తెల్లవారేసరికి బోను పడి ఉన్నది. అందరం పరుగెత్తాం. లోపల నారింజ రంగు పిల్లి ఒకటి చేపలన్నీ తిని, మూతి నాకుకుంటూ, మమ్మల్ని చూసి మహా కోపంగా అరిచింది. మెడలో గంట ఉన్నది. అది పక్క పొలం ముసలాయన పిల్లి.

ఆయనకు డెబ్భై ఏళ్ళు పైనే ఉంటాయి. పన్నెండో ఏట మొదలుపెట్టి నిరుటి చలికాలం వరకు బోనులు వేసినవాడు. పిల్లిని చంకన పెట్టుకుని, నేను ఒలికించిన నూనె వాసన చూసి, "ఎంత పోశారు?" అని అడిగాడు.

"అర సీసా."

"నాకది రెండు చలికాలాలు వస్తుంది. కాఫీ తాగి మా కొట్టానికి రండి."

అల్లా వెళ్ళానన్నమాట ఆ సీసాల మధ్యకు. ఇక్కడ నుంచి ఆయన మాటలను నా తెలుగులో చెబుతున్నాను.

"కొత్తవాళ్ళందరూ మొదట అడిగేది ఒక్కటే - ఏ సీసా మంచిది అని. ఎవరికోసం అని అడగరు. మీ చేపనూనె మంచిదే. రకూన్ దానికి తప్పక వస్తుంది. కాని మా పిల్లీ వస్తుంది, స్కంకూ వస్తుంది, ఎదురింటివాళ్ళ కుక్కా వస్తుంది. ఎవరు వస్తారు అన్నదెంత ముఖ్యమో, ఎవరు రాకూడదు అన్నదీ అంత ముఖ్యం."

తరువాత ఆ సీసాలన్నిటినీ మూడు కుప్పలు చేశాడు. ఈ మూడింటికీ తేడా తెలిస్తే సగం విద్య వచ్చినట్టే అన్నాడు.

మొదటిది ఎర. అంటే తిండి: మాంసం ముక్క, చేప, మొక్కజొన్న కంకి, పంచదార మిఠాయి. ఆకలితో ఉన్నదానిని కదలకుండా నిలబెట్టి పని చేయించేది ఇదే. రెండవది పిలుపు వాసన. తినడానికి పనికిరాదు, చుక్క చాలు. దూరాన పోతున్న జంతువును అక్కడ ఏమిటో చూద్దామనిపించేట్టు చేస్తుంది. ఇందులో మళ్ళీ తిండిని తలపించేవి కొన్ని. ఆ జంతువు గ్రంథుల నుంచే తీసినవి కొన్ని. ఏదీ కాక ఉత్త కుతూహలం పుట్టించేవి కొన్ని. మూడవది మూత్రం. కుక్క స్తంభం దగ్గర ఎందుకు ఆగుతుందో మనకందరికీ తెలుసు. అక్కడ మరొక కుక్క తన సంగతులు రాసిపోయింది. కయోటీకీ అంతే. ఈ దారి నాది, నేను ఫలానా అని పరాయివాడు తన హద్దులో రాసిపోతే, చూసి జవాబు రాయకుండా పోలేదు.

ఆ పిలుపు వాసనలలో ఏమేమి కలుపుతారో వింటే ఆశ్చర్యం వేస్తుంది. బీవర్ అనే నీటి జంతువు తోక దగ్గరి సంచులలో ఊరే ద్రవ్యం ఒకటి. కొత్త తోలు వాసన లాగా ఉంటుంది. దీనిని అత్తరులలో కూడా వాడారు. స్కంక్ అనే తెల్ల చారల నల్ల జంతువు శత్రువు మీద చిమ్మే భయంకరమైన ద్రవం మరొకటి. మంచు పడి, గాలి బిగుసుకున్నప్పుడు మిగతా వాసనలు లేవవు, ఇది ఒక్కటే దూరం పోతుంది. సోంపు నూనె రకూన్‌కు ప్రీతి. ఇరాన్, అఫ్గానిస్తాన్ కొండల్లో పుట్టే మన ఇంగువ పాతకాలపు బోనువాళ్ళ వంటకాలలో తరచు కనిపిస్తుంది. ఇవన్నీ ఎండిపోకుండా, గడ్డకట్టకుండా గ్లిసరిన్ కలుపుతారు. పునుగు కూడా కొందరు కలిపేవారని ఆయన చెప్పినప్పుడు నేను ఉలిక్కిపడ్డాను. తిరుమలలో శుక్రవారం అభిషేకమైన తరువాత స్వామివారికి అలదే పునుగు తైలం! మన ప్రబంధాలలో నాయికలు పూసుకున్న పునుగు! ఒకే వాసన ఒకచోట గర్భగుడిలోకి, ఒకచోట నక్క దారిలోకి పోయింది.

అంతా విని, "అయితే రకూన్‌కు సోంపు, కయోటీకి ఇంగువ. అంతేనా?" అన్నాను, పరీక్షకు రెండు ప్రశ్నలు బట్టీపట్టిన విద్యార్థిలాగా.

ఆయన జవాబు చెప్పలేదు. మూల నుంచి ఒక జల్లెడ తీసి నా చేతిలో పెట్టాడు. "పదిరోజుల పాటు బోను ముట్టుకోకండి. ముందు చదవడం నేర్చుకోండి" అన్నాడు.

ఆ పదిరోజులూ మా అమ్మాయీ నేనూ చేసిన పని ఇది. జంతువులు నడిచే దారి పక్కన గజం వెడల్పున నేల చదును చేసి, దానిమీద మెత్తటి మట్టి జల్లించేవాళ్ళం. మధ్య ఒక పుల్ల గుచ్చి, దాని కొసకు ఒక చుక్క వాసన అంటించేవాళ్ళం. బోను లేదు, ఏమీ లేదు. పొద్దున్నే వెళ్ళి, ఆ మట్టి మీద ఎవరి అడుగులు పడ్డాయో చూసి పుస్తకంలో రాసుకోవడమే. ఇది పిల్లల ఆట కాదు. 1970ల దశకంలో అమెరికా ప్రభుత్వపు వన్యప్రాణి శాఖవారు పడమటి రాష్ట్రాలలో కయోటీల రాకపోకలను అంచనా కట్టింది ఇల్లాంటి మట్టి వలయాలతోనే.

ముసలాయన నియమాలు పెట్టాడు. ఒక చోట ఒక్క వాసనే. ఒకేసారి రెండు మార్పులు చేయకూడదు. చేస్తే ఏది పనిచేసిందో తెలియదు. గాలి ఎటు వీస్తోందో చూసి, వాసన దారి మీదుగా పోయేట్టు గాలికి ఎగువన పెట్టాలి. దిగువన పెడితే ఎంత మంచి వాసనైనా ఎవరికీ చేరదు. అన్నిటికంటె ముఖ్యం, చుక్క అంటే చుక్కే.

మొదటి నాలుగు రోజులు మాకంతా గందరగోళమే. తరువాత కొంచెం కొంచెం కళ్ళు తెరుచుకున్నాయి. చేపనూనె దగ్గర పిల్లి అడుగులు, స్కంక్ గోళ్ళ గీతలు. మాంసం దగ్గర కుక్క. కుక్క అడుగుకీ కయోటీ అడుగుకీ తేడా మా అమ్మాయే ముందు పట్టింది. కుక్కది గుండ్రంగా, వేళ్ళు విచ్చుకుని ఉంటుంది. నడక అటూ ఇటూ పోతుంది. కయోటీది కోలగా, బిగించి కట్టినట్టుంటుంది. గీత గీసినట్టు తిన్నగా పోతుంది. తినవలసిన పని ఉన్నవాడి నడకకీ ఇంట్లో తిని షికారు వచ్చినవాడి నడకకీ ఆ మాత్రం తేడా ఉండదూ?

కయోటీ మూత్రం చుక్క వేసిన చోటికి మూడో రాత్రి కయోటీ వచ్చింది. చుట్టూ తిరిగి, పుల్ల మీద తన జవాబు రాసి పోయింది. ఆ ఉత్సాహంలో మరునాడు నేను నాలుగు చుక్కలు ఎక్కువ వేశాను. అది రెండు గజాల దూరంలో ఆగింది. నిలబడ్డ గుర్తు ఉన్నది, వెనక్కి మళ్ళిన గుర్తు ఉన్నది. అంతే.

"ఒక మనిషి మీతో మామూలుగా మాట్లాడితే దగ్గరకు వెళతారు. చెవిలో కేకవేస్తే?" అన్నాడు ముసలాయన.

సోంపు చుక్క, దాని పక్కన తెల్లటి పంచదార మిఠాయి - అక్కడివాళ్ళు మార్ష్‌మెలో అంటారు, దూదిలాగా ఉంటుంది - పెట్టినచోట మాత్రం ప్రతి రాత్రీ ఒకే అతిథి. మట్టిమీద చిన్న పిల్లవాడు అరచేయి ఆనించినట్టు అయిదు వేళ్ళ గుర్తులు. పిల్లి అడుగు ఒక్కటీ లేదు. దీనికి కారణం ఉన్నది. పిల్లులకు తీపి రుచి తెలియదు. తీపిని పసిగట్టే జన్యువు వాటిలో చెడిపోయి ఉన్నదని 2005లో ఫిలడెల్ఫియాలోని మోనెల్ కేంద్రపు శాస్త్రజ్ఞులు కనిపెట్టారు. ముసలాయనకు జన్యువు సంగతి తెలియదు. మిఠాయి పెడితే పిల్లి రాదని మాత్రం చిన్నప్పటి నుంచీ తెలుసు.

కయోటీకి బోను వేసే పద్ధతి కూడా ఆయన చూపించాడు, బోను లేకుండానే. నేలలో ఏటవాలుగా పిడికెడంత బొరియ తవ్వి, అడుగున ఎర పెట్టి, అంచున వాసన చుక్క వేస్తారు. ఏదో జంతువు తిండి దాచుకుని పోయిందనుకుని కయోటీ దొంగిలించడానికి వస్తుంది. కాలు పట్టుకునే బోనును దాని ముందు మట్టిలో కప్పుతారు. ఇక్కడే కొత్తవాడు పొరపాటు చేస్తాడు. వాసన పూసిన చేతితోనే బోను ముట్టుకుంటాడు. అప్పుడు కయోటీ బొరియను వదిలి బోనునే తవ్వి బయట పడేసి పోతుంది. అందుకని వాసనకు వేరే చేతి తొడుగు, బోనుకు వేరే తొడుగు. మన ఇళ్ళలో మడిబట్ట సంగతే!

ఏ వాసన ఎప్పుడన్నది మరొక పాఠం. ఆకురాలే కాలంలో పిల్ల కయోటీలు తల్లిని విడిచి కొత్త చోట్లు వెదుక్కుంటూ తిరుగుతాయి. తిండి వాసనకు, వింత వాసనకు అప్పుడు తేలికగా లోబడతాయి. జనవరి నుంచి మార్చి వరకు జతకట్టే కాలం. అప్పుడు తిండి మీద ధ్యాస తక్కువ. గ్రంథి వాసనలూ మూత్రమూ పనిచేస్తాయి. ఎండకాలంలో మాంసం పెడితే ఈగలు, చీమలు, పనికిరాని జంతువులు. కాబట్టి కొత్తవాడు ఆరు సీసాలు కొనడం దండుగ. ఒక తిండి వాసన, ఒక గ్రంథి వాసన, ఒక మూత్రం సీసా. రకూన్‌కయితే ఏదో ఒక తీపి. మిగిలిన డబ్బుతో జల్లెడ కొనుక్కోమన్నాడు.

"మరి ఇప్పుడు మే నెల. మీరేమి వేస్తారు?" అన్నాను.

"ఇప్పుడు నేనేమీ వేయను. ఇప్పుడు అన్నిటికీ పిల్లలుంటాయి" అన్నాడాయన.

ఆ మాట నేను విన్నాను. కాని పదకొండో రాత్రి రుక్మిణి పోయింది. మా అమ్మాయి ఏడుపు వినలేక, నేర్చిన విద్యంతా చేతిలో ఉన్నది గదా అని, తీగల బోనులో రెండు మిఠాయిలు పెట్టి, సోంపు ఒక్క చుక్క వేసి, గాలి చూసి, గూటికి ఎగువన పెట్టాను. ఈసారి ఏమీ తప్పు చేయలేదు.

పొద్దున రకూన్ పడి ఉన్నది. అరవలేదు, పెనుగులాడలేదు. ఒక మూల కూర్చుని చేతులతో తీగలు పట్టుకుని మా వంక చూస్తోంది. ముసలాయనను పిలిచాం. ఆయన వంగి చూశాడు. పొట్ట కింద పాలు నిండిన చన్నులు మాకూ కనిపించాయి.

"పెదనాన్నా, జాంబవతిని చంపింది ఇదేనా?" అంది అమ్మాయి.

రాత్రి గూటి ముందు జల్లించిన మట్టి మీద ఆ అయిదు వేళ్ళ గుర్తులే ఉన్నాయి. అబద్ధం చెప్పలేకపోయాను. "ఇదేనమ్మా" అన్నాను.

"మరి దీని పిల్లలెక్కడున్నాయి?"

ఎవరమూ మాట్లాడలేదు. రకూన్ ఏప్రిల్, మే నెలల్లో ఈనుతుంది. మూడు నాలుగు పిల్లలు, ఏ చెట్టు తొర్రలోనో కళ్ళు కూడా సరిగా తెరవకుండా ఉంటాయి. తల్లి రాకపోతే అవి బతకవు.

"దూరంగా అడవిలో వదిలి వద్దాం" అన్నాడు తమ్ముడు.

ముసలాయన తల అడ్డంగా ఊపాడు. "ఈ రాష్ట్రంలో చట్టం ఒప్పదు. దీనికి జబ్బుంటే ఆ జబ్బును మరొకరి ఊరికి మోసుకుపోయినట్టవుతుంది. పట్టుకున్న చోటనే వదలాలి, లేదా బాధ లేకుండా చంపాలి. రెండే దారులు. తుపాకీ నా బండిలో ఉన్నది. కాని బోను మీది. మిఠాయి పెట్టి పిలిచింది మీరు. మీరే చెప్పండి."

తమ్ముడు నా వంక చూశాడు. నలుగురు మహిషులు పోయారు. వదిలితే రేపు మళ్ళీ వస్తుందని నాకూ తెలుసు. పదిరోజులుగా ఆ చేతి గుర్తులను పుస్తకంలో రాసుకుంటూ మురిసిపోయినవాణ్ణి నేనే. రాసుకుంటున్నంతసేపూ, ఇవి పిల్లల తల్లివేమో అన్న ఆలోచన ఒక్కసారీ రాలేదు. ఏ వాసనకు ఏది వస్తుందో నేర్చుకున్నాను. వచ్చినదానిని ఏమి చేయాలో ఆలోచించకుండానే పిలిచాను.

"వదిలేద్దాం" అన్నాను.

ముసలాయన తోలు తొడుగులు వేసుకుని, మమ్మల్ని దూరంగా నిలబెట్టి తలుపెత్తాడు. రకూన్ కరిస్తే కుక్కకాటు వంటి ప్రమాదమే. దాని పెంటలో మనుషులకు హాని చేసే నులిపురుగుల గుడ్లుంటాయి, ఆ చుట్టుపక్కల ఒట్టి చేతులతో ముట్టరాదు. అది బయటికి వచ్చి, తొందరపడకుండా కంచె దాటి పోయింది.

అప్పుడాయన గూటి తలుపు దగ్గరకు పోయి గడియను ఒక వేలితో తీసి చూపించాడు. "రెండేళ్ళ పిల్లవాడు తీస్తాడు దీనిని. వాసనల కంటె ముందు ఇది చూడవలసింది. మిమ్మల్ని అడగడం నేనూ మరిచాను" అన్నాడు. సన్నని కోళ్ళవల పనికిరాదు. రకూన్ అందులోంచి చెయ్యి పెట్టి కోడిని లాగుతుంది. గట్టి చదరపు జల్లి కావాలి. తవ్వి దూరకుండా ఆ జల్లిని నేలలోకి కూడా దించాలి. గడియకు కొక్కెం వేసి బిగించాలి. రాత్రి పూట మేత బయట ఉంచరాదు. ఆ పనంతా చీకటి పడకముందే నలుగురం కలిసి చేశాం. ఆఖరున అమ్మాయి గూటి చుట్టూ మట్టి జల్లించింది.

మరునాడు పొద్దున అందరం వెళ్ళి చదివాం. ఆ చేతులు గూటి చుట్టూ మూడుసార్లు తిరిగాయి. గడియ కింద మట్టిలో వెనక కాళ్ళమీద నిలబడ్డ గుర్తు ఉన్నది. కొక్కెం మీద బురద వేళ్ళ ముద్రలున్నాయి. తరువాత అడుగులు తోటవైపు పోయాయి. గూట్లో సత్యభామ మొదలుగా నలుగురూ క్షేమం.

ముసలాయనను నేను అహింసావాదిగా చూపిస్తే అన్యాయం అవుతుంది. "నవంబరులో లైసెన్సుతో నేను బోనులు వేస్తాను. అప్పటికి పిల్లలు పెద్దవవుతాయి, బొచ్చు పక్వానికి వస్తుంది. అప్పుడు ఇదే వచ్చినా పట్టుకుంటాను" అని నాతో స్పష్టంగా చెప్పాడు. వేసిన బోనును రోజూ చూసి రాకపోవడం ఆయన దృష్టిలో నేరం. చట్టం దృష్టిలోనూ నేరమే. కాలు పట్టే బోను మీద ఆ దేశంలోనే పెద్ద వాదం ఉన్నది. కొలరాడో, మసాచుసెట్స్ రాష్ట్రాల ప్రజలు 1996లో ఓటువేసి దానిని చాలావరకు నిషేధించారు. కాలిఫోర్నియా 2019లో బొచ్చు కోసం బోను వేయడాన్నే మానిపించింది. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం నక్కనూ పునుగుపిల్లినీ పట్టనివ్వదు. కాబట్టి ఇది చదివి ఎవరూ జల్లెడ తప్ప మరేమీ కొనవద్దు.

వచ్చేముందు మా మరదలు ముసలాయనకు ఒక ఇంగువ డబ్బా ఇచ్చింది. ఆయన సంతోషంగా తీసుకుని, వారం తరువాత ముఖం చిన్నబుచ్చుకుని వచ్చాడు. మట్టిమీద కయోటీ అడుగు ఒక్కటీ లేదు, నిండా ఎలుకల అడుగులే. చూస్తే డబ్బామీద ఉన్నది - సగానికి పైగా పిండి! ఎలుకలు పిండికి వచ్చాయి.

ఇంటికి వచ్చిన తరువాత ముద్ద ఇంగువ మేలైనది చూసి, అటు వెళుతున్న ఒక స్నేహితుడి చేత పంపాను. నవంబరులో ఒక రాత్రి, మేము భోజనాలకు కూర్చోబోతుండగా ఫోను మోగింది.

"పెదనాన్నా! నీ ఇంగువకు కయోటీ వచ్చింది! పుల్ల దగ్గర దొర్లింది కూడా. మట్టి అంతా చెదిరిపోయింది. తాత ఇంకా బోను పెట్టలేదు. గ్లిసరిన్ ఎంత కలపాలో చూస్తున్నాడు."

మా ఆవిడ చారు గిన్నె దించుతూ, "ఎవరొచ్చారుట?" అని అడిగింది.

"కయోటీ. ఇంగువ వాసనకు."

ఆవిడ ఒక్క క్షణం చారు వంక చూసింది. లేచి వెళ్ళి పెరటి తలుపు గడియ వేసి వచ్చింది.